పాత ఇంటికి కొత్త వైరింగ్: శ్రీనుకి బాబాయి ఉత్తరం

చిరంజీవి శ్రీనుకి, ఆశీస్సులు.

తెనాలి ఇంటికి రంగులు వేయించేలోపు వైరింగ్ మార్పించాలనుకుంటున్నావని మీ అమ్మ చెప్పింది. రంగుల కంటే ముందు దీన్ని తలపెట్టడం మంచిపని. కానీ పాత తీగ పీకి అదే దారిలో కొత్త తీగ వేస్తే చాలనుకోకు. ఆ ఇల్లు కట్టిన రోజుల్లో గదికో బల్బు, హాల్లో ఒక ఫ్యాను, రేడియోకి ఒక ప్లగ్గు ఉంటే గొప్ప. చెక్క పట్టీల మీద క్లిప్పులు కొట్టి లాగిన అల్యూమినియం తీగ మీద ఇప్పుడు ఏసీ, గీజరు, ఇండక్షన్ స్టవ్ నడుస్తున్నాయి.

అల్యూమినియంతో వచ్చే చిక్కు స్క్రూ దగ్గర మొదలవుతుంది. కరెంటు పారినప్పుడు వేడెక్కి ఉబ్బుతుంది, ఆగితే కుంచించుకుంటుంది. అలా కొన్నేళ్లకు స్క్రూ కింద పట్టు వదులవుతుంది, తీగ పైన తెల్లటి పొర పడుతుంది, అక్కడ వేడి ఇంకా పెరుగుతుంది. ప్లగ్గు చుట్టూ బోర్డు గోధుమరంగుకు తిరిగిందంటే లోపల జరిగింది ఇదే. అందుకే పాత అల్యూమినియానికి కొత్త రాగి తీగ మెలిపెట్టి టేపు చుట్టే పని ఎక్కడా ఒప్పుకోకు. చెమ్మ తగిలితే ఆ అతుకును తుప్పు తినేస్తుంది.

పని మొదలుపెట్టే ముందు రెండు విషయాలు నీ కళ్లతో చూడు. మొదటిది, మెయిన్ స్విచ్ పక్కన పింగాణీ ఫ్యూజులు రెండున్నాయా? పాతకాలంలో ఫేజుకీ (కరెంటు తెచ్చే తీగ), న్యూట్రల్‌కీ (కరెంటు తిరిగి వెళ్లే తీగ) చెరొక ఫ్యూజు పెట్టేవాళ్లు. న్యూట్రల్ ఫ్యూజు ఒక్కటే పోతే లైట్లన్నీ ఆరిపోతాయి, కానీ ఫేజు ఇల్లంతా అలాగే ఉంటుంది. కరెంటు లేదనుకుని హోల్డర్‌లో చెయ్యి పెట్టినవాడికి షాక్ తప్పదు. రెండోది, మూడు పిన్నుల ప్లగ్గు ఒకటి విప్పించి చూడు. పైనున్న పెద్ద రంధ్రానికి ఆకుపచ్చ ఎర్తు తీగ (కారిన కరెంటును నేలలోకి పంపేది) రాకుండా, పక్కనున్న న్యూట్రల్ నుంచి చిన్న ముక్క తెచ్చి కలిపి ఉంటే, ఆ ప్లగ్గు ఆ రోజు నుంచే వాడటం మానెయ్యి. ఎక్కడో న్యూట్రల్ తెగిందంటే ఫ్రిజ్ తలుపుకి, వాషింగ్ మెషీన్ రేకుకి 230 వోల్టులు వచ్చేస్తాయి. నీళ్ల పైపుకి కట్టిన ఎర్తు కూడా లెక్కలోకి రాదు. ఇనుప పైపులు తీసి పీవీసీ వేసినప్పుడే అది పోయినట్టు.

కాబట్టి మొదటి ఖర్చు ఎర్తుకి. గోడకి కనీసం మీటరున్నర దూరంలో, రెండున్నర మీటర్ల పొడవు, 40 మి.మీ. జీఐ (జింకు పూత ఇనుప) పైపు నిలువుగా దింపించు. చుట్టూ బొగ్గూ ఉప్పూ పొరలుగా వేసినా సరే, రెడీమేడ్‌గా దొరికే పొడి వేసినా సరే. పైన చిన్న తొట్టి కట్టించి మూత పెట్టించు. మీ వైపు నల్లరేగడి వేసవిలో నెర్రెలు విచ్చి పైపును వదిలేస్తుంది, కాబట్టి ఎండాకాలం అందులో నీళ్లు పోస్తుండాలి. ఎర్తు టెస్టరుతో దాని నిరోధం కొలిస్తే 5 ఓములకు మించకూడదు. మించితే దూరంగా ఇంకో పైపు దించి రెండూ కలపాలి. అక్కడి నుంచి ప్రతి పాయింటుకీ, లైటు బోర్డులతో సహా, ఆకుపచ్చ తీగ వెళ్లాలి. "లైటుకి ఎర్తు ఎందుకండీ" అంటారు. ఇనుప ఫ్యాను, రేకు బోర్డు పెట్టెలు ఉన్న ఇంట్లో అది అడగాల్సిన ప్రశ్న కాదు.

తర్వాత లోడు లెక్క. ఒకటిన్నర టన్ను ఏసీకి ఎనిమిది ఆంపియర్ల వరకు వేసుకో. రెండు ఏసీలకి 16, రెండు కిలోవాట్ల గీజరుకి 9, ఒక హెచ్‌పీ మోటారుకి 6 నుంచి 7, ఇండక్షన్‌కి ఇంకో 9. అన్నీ ఒకేసారి పడితే 40 దాటుతుంది. సింగిల్ ఫేజు మీద 5 కిలోవాట్ల కనెక్షన్ అంటే 22 ఆంపియర్లే. డిస్కం ఆఫీసులో లోడు పెంపుకి ముందే దరఖాస్తు పెట్టు, త్రీ ఫేజు అవసరమేమో వాళ్లతోనే తేల్చుకో. మీటరు సీలు జోలికి మాత్రం ఎవరినీ వెళ్లనివ్వకు. అక్కడ కనెక్షన్ విప్పాలంటే లైన్‌మన్ రావాల్సిందే.

తీగ విషయంలో బేరం వద్దు. ఐఎస్ఐ గుర్తున్న ఎఫ్ఆర్ (మంట త్వరగా పాకని) రాగి తీగ కొను. లైట్లు, ఫ్యాన్లకి ఒకటిన్నర చదరపు మి.మీ., వంటింటి ప్లగ్గులకి రెండున్నర, ఏసీకీ గీజరుకీ విడివిడిగా నాలుగు. మీటరు నుంచి డీబీకి (గదులకు కరెంటు పంచే స్విచ్చుల పెట్టె), సింగిల్ ఫేజయితే, పది. కాయిల్ 90 మీటర్లుంటుంది. డీబీ నుంచి ఏసీ పాయింటుకి 12 మీటర్లయితే ఫేజు, న్యూట్రల్, ఎర్తు కలిపి 36, బోర్డుల్లో వదిలే చివర్లతో 40 అనుకో. ఇలా ఒక్కో దారి టేపుతో కొలిచి రాసుకుంటే ఎన్ని కాయిల్స్ కావాలో నీకే తెలుస్తుంది. ఫేజుకి ఎరుపు, న్యూట్రల్‌కి నలుపు. ఎరుపు అయిపోయిందని నలుపుతో ఫేజు లాగే తొందర ఆ మేస్త్రీకి ఒక గంట మిగులుస్తుంది, తర్వాత చెయ్యి పెట్టేవాడి ప్రాణం మీదికి తెస్తుంది.

ఎంసీబీని, అంటే లోడు మించితే తనే పడిపోయే స్విచ్చును, తీగను బట్టి పెట్టాలి, వస్తువును బట్టి కాదు. ఒకటిన్నరకి 10 ఆంపియర్లు, రెండున్నరకి 16, నాలుగుకి 20. మాటిమాటికీ పడిపోతోందని పెద్ద ఎంసీబీ మారిస్తే, ఇక కాలేది గోడలో తీగే. ఎంసీబీ షాక్ నుంచి కాపాడదు. దానికి 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు కారితే ఆపే స్విచ్చు) వేరే ఉండాలి. వెళ్లిన కరెంటు అంతా న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే అది క్షణంలో ఆపేస్తుంది. ఒక్కటే పెడితే గీజరు కాయిల్ నుంచి కరెంటు కారినా ఇల్లంతా చీకటే. రెండు పెట్టించు: బాత్రూములు, వంటిల్లు, మోటారు ఒకదానికి, మిగతావి ఇంకోదానికి. ఏ ఆర్‌సీసీబీ కింది పాయింట్ల న్యూట్రల్ ఆ ఆర్‌సీసీబీకే రావాలి. వేర్వేరు ఆర్‌సీసీబీల కింది రెండు గదులకు ఒకే న్యూట్రల్ కలిపితే కారణం లేకుండా పడిపోతుంటుంది, అప్పుడు మేస్త్రీ "ఇది పాడైంది" అని పీకేసి డైరెక్టు చేస్తాడు. ఆ మాట వినకు, న్యూట్రల్ ఎక్కడ కలిసిందో వెతికించు.

ఇక గోడలు. మీవి సున్నం గోడలు. కట్టర్‌తో నిలువుగా గాడి కొట్టించు. అడ్డంగా పొడవాటి గాడి పడితే గోడ బలం పోతుంది. గాడి లోతు గోడ మందంలో మూడోవంతు దాటకూడదు. ఉప్పు పట్టి రాలే గోడ ఉంటే గాడే వద్దు, పైన పీవీసీ కేసింగ్ పట్టీ వేయించు. అందంగా లేకపోయినా పర్వాలేదు. తీగలు వెళ్లే పైపు 20 లేదా 25 మి.మీ. హెవీ రకం తీసుకుని సగం కూడా నిండకుండా చూడు. రెండు పెట్టెల మధ్య రెండు వంపుల కంటే ఎక్కువ ఉంటే తీగ లాగేటప్పుడు పైపొర గీరుకుంటుంది. గాడి మూసిన సిమెంటు పూత ఆరాకే తీగలు ఎక్కించాలి. తడి సిమెంటు నీళ్లు పైపులో నిలిస్తే మెగ్గర్‌లో (తీగ పైపొర ఎంత బాగుందో కొలిచే మీటరు) రీడింగు పడిపోతుంది. పూత వేసేముందు ప్రతి గోడకీ టేపు పెట్టి ఫోటో తీసి దాచుకో, రేపు మేకు కొట్టాలంటే అదే దిక్కు.

ఇంట్లో ఉంటూనే చేయించాలంటే ఒక్కో గది ఖాళీ చేసి ఇవ్వు. రోజూ పని మొదలయ్యే ముందు మెయిన్ ఒక్కటే కాదు, ఇన్వర్టర్ కూడా ఆపించు. మెయిన్ కట్టేసినా ఇన్వర్టర్ తీగల్లో 230 వోల్టులు ఉంటాయి. చాలామంది మర్చిపోయేది ఇదే.

చివరి డబ్బులు ఇచ్చేముందు బల్బులు, ఫ్యాన్లు, ఇన్వర్టర్ అన్నీ విప్పించి 500 వోల్టుల మెగ్గర్ పెట్టించు. ఫేజుకీ ఎర్తుకీ, న్యూట్రల్‌కీ ఎర్తుకీ, ఫేజుకీ న్యూట్రల్‌కీ మధ్య ఒక్క మెగాఓముకి తగ్గితే ఒప్పుకోకు. కొత్త తీగకి అంతకంటే ఎన్నో రెట్లు రావాలి. ఏ ఎంసీబీ ఏ గదికో పేరు రాయించి, ఆర్‌సీసీబీ టెస్ట్ బటన్ నీ చేత్తో నొక్కి చూడు. నెలకోసారి అమ్మ చేత కూడా నొక్కించు.

లోడు లెక్క కాగితం మీద వేసి పంపు, చూసి చెబుతాను.

ఆశీస్సులతో,
బాబాయి