కొత్త సెన్సార్ ఏసినంక బండి ఒకపక్క లేచి ఉంటాంది

ప్రశ్న: అన్నా నమస్తే. ఎయిర్ సస్పెన్షన్ (స్ప్రింగుల బదులు గాలి సంచుల మీద బండి నిలబడేది) ఉన్న ఎస్‌యూవీ ఒకటి సెకండ్ హ్యాండ్‌ల తీసుకున్న. వానకాలం భూపాలపల్లి దిక్కు తిరిగినంక వెనక ఎడమపక్క కిందికి కూసునుడు మొదలువెట్టింది, వార్నింగ్ లైట్ వచ్చింది. మెకానిక్ బండి ఎత్తు చూసే లెవల్ సెన్సార్ పోయిందని కొత్తది ఏసిండు, ఇప్పుడేమో అదే పక్క రెండు వేళ్ల మందం పైకి లేచి ఉంటాంది, లైట్ పోతలేదు. ఇగ ఆ సస్పెన్షన్ గాలి సంచి, అదే ఎయిర్ బ్యాగే మార్చాలె అంటాండు. మార్చాల్నా?
- ఒక పాఠకుడు, హన్మకొండ

జవాబు: ఇప్పుడే బ్యాగ్ కొనకు తమ్మీ, పైసలు ఆగం జేసుకోకు. బ్యాగ్ లీకైతే బండి రాత్రి నిలవెడితే పొద్దుగాల్లకు ఆ మూల దిగి ఉంటది గానీ పైకి ఎందుకు లేస్తది? అయినా డౌట్ ఉంటే సబ్బునీళ్లు కొట్టి బుడగలొస్తున్నయా చూడమను.

నాకైతే కాలిబ్రేషన్, అంటే కొత్త సెన్సార్ లెక్కను బండికి నేర్పుడు, చెయ్యలేదనే అనిపిస్తాంది. ఆ సెన్సార్ బాడీకి బిగించి ఉంటది, దాని చిన్న లీవర్ నుంచి సన్న లింక్ రాడ్ కింద సస్పెన్షన్ ఆర్మ్‌కు పోతది. చక్రం ఆడితే లీవర్ తిరుగుతది, అది ఎంత తిరిగిందో వోల్టేజ్ రూపంల కంట్రోల్ మాడ్యూల్‌కు (సస్పెన్షన్‌ను నడిపే చిన్న కంప్యూటర్) పోతది, గాలి నింపాల్నా ఇడవాల్నా అన్నది మాడ్యూల్ దాన్ని చూసే చేస్తది. కొత్త సెన్సార్ రీడింగ్ పాతదానితోని సరిగ్గ కలువది, మాడ్యూలేమో ఇంకా పాత లెక్కే పట్టుకోని ఉన్నది, అందుకే సక్కగున్న బండిని కూడా దిగిందనుకోని గాలి కొడుతాంది.

ముందుగాల లింక్ రాడ్ వంగిందా, లీవర్ ఉల్టా బిగించిండా, ప్లగ్‌ల బురదనీళ్లు పోయి పిన్నులకు పచ్చగ చిలుం పట్టిందా చూడమను. మన దిక్కు వానకాలం రోడ్లకు ఈ ప్లగ్ తిప్పలు మస్తు ఉంటయి. చాలా బండ్లల్ల సెన్సార్‌కు 5 వోల్టుల సప్లై వస్తది, రాడ్ ఊడదీసి లీవర్ చేతితోని మెల్లగ తిప్పితే సిగ్నల్ ఎగురకుంట సాఫీగ మారాలె.

అదంత బాగుంటే సస్పెన్షన్ మాడ్యూల్‌లకు పోయే స్కానర్ ఉన్నోళ్ల దగ్గరికి పో, ఉత్త కోడ్లు చదివే చిన్న మిషిన్‌తోని ఈ పని కాదు. బండి సమానంగున్న నేల మీద ఉండాలె, టైర్లల్ల గాలి కరెక్టుగ ఉండాలె, లోపల మనుషులు సామాన్లు ఉండొద్దు. చక్రం నడిమిట్ల నుంచి ఫెండర్ (చక్రం మీది రేకు) అంచు దాక నాలుగు దిక్కులా టేపుతోని మిల్లీమీటర్లల్ల కొలిచి స్కానర్‌ల ఎక్కిస్తరు, కొన్ని కంపెనీల బండ్లకైతే కొలతకు బదులు ఆర్మ్ కోణం అడుగుతది. బండి ఎత్తు మారింది కాబట్టి ఆ తర్వాత అలైన్‌మెంట్ చూపియ్యి, బండి ఎత్తును బట్టి తామే సర్దుకునే హెడ్‌లైట్లుంటే వాటి సెట్టింగ్ కూడా.

ఒక్కటి మాత్రం గట్టిగ చెప్తున్న, జాకీ ఎత్తేముందు జాక్ మోడ్ (బండి తనంతట తాను ఎత్తు సర్దుకోకుంట ఆపే సెట్టింగ్) పెట్టియ్యి, స్టాండ్లు లేకుంట చక్రం సందుల చెయ్యి గానీ తలకాయ గానీ పెట్టనియ్యకు, గాలి దిగితే బండి ఒక్కసారే కూసుంటది.