తలసేమియా పిల్లల ప్రేమకథ రాస్తున్న బిడ్డకు

బిడ్డా,

నవల మొదలుపెట్టావని, అందులో ఇంటర్ చదివే అమ్మాయికీ అబ్బాయికీ ఇద్దరికీ తలసేమియా, అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారుకాని పుట్టుజబ్బు, అని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. పిల్లల వార్డులో నర్సుగా చేసినదాన్ని కాబట్టి తోచింది రాస్తున్నా.

ముందు, చివర్లో ఎవరిని చంపాలా అన్న ఆలోచన మానెయ్. వేళకు రక్తం ఎక్కించుకుని, అట్లా ఎక్కించేకొద్దీ ఒంట్లో పేరుకునే ఐరన్ తగ్గడానికి మందులు సరిగ్గా వాడితే ఈ పిల్లలు పెద్దవాళ్లవుతున్నారు, ఉద్యోగాలు, పెళ్లిళ్లు చేసుకుంటున్నారు. కథ కోసం వాళ్ల ఆయుష్షు తగ్గించకు.

రక్తం 2 నుంచి 4 వారాలకోసారి ఎక్కించాలి. ఆ రోజు దగ్గరపడేకొద్దీ మొహం పాలిపోతుంది, నాలుగు మెట్లెక్కితే ఆయాసం, ఊరికే చిరాకు. ఎక్కించాక మళ్లీ హుషారు. నీ కథలో అలకలూ, నవ్వులూ ఈ లెక్కను బట్టే రావాలి. వాడు హుషారుగా ఉన్న వారమే ఆమెకు నీరసమైతే ఏమవుతుందో రాయి. ఫోన్ ఎత్తదు. వీడేమో ఇంకేదో అనుకుంటాడు.

ఐరన్ ఎక్కువైతే ఎదుగుదల దెబ్బతింటుంది. పదిహేడేళ్ల పిల్లాడు పన్నెండేళ్లవాడిలా కనబడతాడు. పాలమూరు నుంచి హైదరాబాద్ పోయే బస్సులో కండక్టర్ వాడికి హాఫ్ టికెట్ కొట్టబోతాడు. పక్క సీట్లో, ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్ పట్టుకుని ఆ అమ్మాయి. వాడు ఫుల్ టికెట్ అడిగి తీసుకుంటాడు చూడు, అక్కడ తొందరపడకు. ఆరాంఘర్‌లో దిగేదాకా వాడి మనసులోనే ఉండు.

ఎండాకాలం కాలేజీలకు సెలవులిస్తే రక్తం ఇచ్చేవాళ్లు తగ్గుతారు. అట్లని ఒకే ప్యాకెట్ ఉందని, ఒకరి కోసం ఒకరు త్యాగం చేశారని సీను పెట్టకు. ఎవరికి ముందు ఎక్కించాలో డాక్టర్లు చూసుకుంటారు. రెండోవాళ్లు ఎదురుచూస్తారు, వాళ్ల నాన్న తెలిసినవాళ్లందరికీ ఫోన్లు చేస్తుంటాడు. అది రాయి.

అమ్మల్ని మర్చిపోకు. మేనరికమైతే చుట్టాలు తల్లినే అంటారు. తండ్రి నుంచీ, తల్లి నుంచీ ఇద్దరి నుంచీ వస్తేనే ఈ జబ్బు అని ఆ ఇంట్లో ఎవరో ఒకరు గట్టిగా అనాలి. ఆ అమ్మాయే అంటే నాకు ఇంకా ఇష్టం. పెళ్లి సంబంధాలు పోతాయని జబ్బు సంగతి దాచే ఇళ్లు కూడా ఉన్నాయి.

ఇక కష్టమైన మాట. ఇద్దరికీ ఇదే జబ్బుంటే పుట్టే పిల్లలందరికీ వస్తుంది. దీన్ని చివర్లో డాక్టర్ నోట పలికించి బాంబులా పేల్చకు. ఇన్నేళ్లు ఆసుపత్రుల చుట్టూ తిరిగిన పిల్లలకు ఆ మాత్రం తెలియదా? తెలిసే ఇష్టపడ్డారని రాయి. పిల్లల సంగతి వాళ్లిద్దరూ ఎప్పుడు మాట్లాడుకుంటారో, ఎవరు ముందు తప్పించుకుంటారో నువ్వే తేల్చుకో.

దసరాకు వచ్చేటప్పుడు రాసినంతవరకు పట్టుకురా. మందుల పేర్లు, వార్డు పద్ధతులు నేను చూసి పెడతా.

మీ పెద్దమ్మ,
మహబూబ్‌నగర్