అధ్యాపకుల సంఘం పెట్టుకోవడానికి యూనివర్సిటీ అనుమతి కావాలా?

ప్రశ్న: లాయరు గారూ, మాది విజయవాడ. దగ్గర్లోని ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా పనిచేస్తున్నాను. కొందరం కలిసి అధ్యాపకుల సంఘం పెట్టుకోవాలనుకుంటున్నాం. ముందు అనుమతి తీసుకోవాలని, లేకపోతే షోకాజ్ ఇస్తామని ఆఫీసులో నోటిమాటగా చెప్పారు. కాంట్రాక్టు లెక్చరర్లూ చేరతామంటున్నారు గానీ టెన్షన్ పడుతున్నారు. ఏం చేయాలి?

జవాబు: అనుమతి అక్కర్లేదమ్మా. సంఘం పెట్టుకోవడం రాజ్యాంగం 19(1)(సి) అధికరణం మీకిచ్చిన హక్కు. ప్రభుత్వం గుర్తించిన సంఘంలోనే ఉద్యోగులు ఉండాలన్న కేంద్ర సర్వీసు నిబంధనను ఘోష్ వర్సెస్ జోసెఫ్ కేసులో సుప్రీంకోర్టు 1962లోనే కొట్టేసింది. ప్రభుత్వ విశ్వవిద్యాలయానికీ ఈ హక్కును గౌరవించక తప్పదు.

అయితే సంఘం పెట్టుకోవడం వేరు, దాన్ని యాజమాన్యం గుర్తించి చర్చలకు పిలవడం వేరు. గుర్తింపు ఇచ్చి తీరాలని హక్కుగా అడగలేరు. సంఘం ఉంది కదా అని సమ్మె చేసే హక్కూ రాదు. పాఠాలు మానేసి మీటింగులు పెడితే క్రమశిక్షణ చర్యకు మీరే దారి ఇచ్చినట్టవుతుంది. సాయంత్రం పూట, బయట హాల్లో పెట్టుకోండి.

ఇక రిజిస్ట్రేషన్. ట్రేడ్ యూనియన్ దారి మీకు నప్పదు. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం కింద టీచర్లు కార్మికులు కారని సుందరాంబాళ్ కేసులో 1988లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్ సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం, 2001 కింద నమోదు చేయించుకోండి. కనీసం ఏడుగురు సభ్యులుంటే చాలు. దరఖాస్తు ఇవ్వాల్సింది సొసైటీల రిజిస్ట్రారుకి, మీ యూనివర్సిటీ రిజిస్ట్రారుకి కాదు. ఇప్పటికే ఉన్న సంఘం పేరును పోలిన పేరు పెట్టకండి.

అన్నిటికంటే జాగ్రత్త పడాల్సింది బైలాస్, అంటే సంఘం నియమావళి దగ్గర. ఎవరి బైలాసో జిరాక్సు తీసి పేరు మార్చి ఇచ్చేస్తుంటారు. రెండేళ్లకు ఎన్నికలొస్తాయి, ఓటు ఎవరికుందో తేలదు, జిల్లా కోర్టు మెట్లెక్కుతారు. కాంట్రాక్టు, గెస్ట్ లెక్చరర్లకు పూర్తి సభ్యత్వమా, ఓటు లేని సభ్యత్వమా? రిటైరైనవాళ్లు ఉండొచ్చా? బ్యాంకు ఖాతా మీద ఎవరెవరు సంతకం పెట్టాలి? కోర్టుకెళ్లాల్సి వస్తే పిటిషన్ మీద సంతకం ఎవరిది? ఇవన్నీ ఇప్పుడే రాసుకోండి. కాంట్రాక్టువాళ్లకు ఓటు ఇవ్వాలనే నా అభిప్రాయం, ఎక్కువ కష్టాలు వాళ్లవే కాబట్టి. కానీ వ్యవస్థాపక సభ్యులుగా సంతకాలు మాత్రం ప్రొబేషన్ పూర్తయిన రెగ్యులర్ వాళ్లే పెట్టండి. రెన్యువల్ ఆపేస్తే కాంట్రాక్టు మనిషి దానికి కారణం సంఘమేనని రుజువు చేయడం చాలా కష్టం.

నోటిమాటకు జవాబు కాగితంతోనే ఇవ్వాలి. నమోదు కాగానే సర్టిఫికెట్ నకలు, కార్యవర్గం జాబితా జతచేసి వైస్ ఛాన్సలర్‌కి ఒక లేఖ రాయండి. అందులో "అనుమతి కోరుతున్నాం" అని రాయొద్దు, "తెలియజేస్తున్నాం" అని రాయండి. టపాలు సెక్షన్‌లో ఇచ్చి, మీ కాపీ మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముందస్తు అనుమతి కావాలనే నిబంధన ఏదో చూపమని సమాచార హక్కు చట్టం కింద అడగండి. మామూలుగా 30 రోజుల్లో జవాబివ్వాలి.

షోకాజ్ వస్తే మౌనంగా ఉండకండి. ఇచ్చిన గడువులోపు, 19(1)(సి)ని ప్రస్తావిస్తూ, ఎవరికి వచ్చిన నోటీసుకు వాళ్లే విడిగా జవాబివ్వండి. ఆ తర్వాత కూడా చర్యకు దిగితే అమరావతిలోని హైకోర్టులో రిట్ వేయొచ్చు. అప్పుడు ఆ ముద్ర ఉన్న కాపీ, ఆర్‌టీఐ జవాబు మీ లాయరు చేతిలో ఉండాలి.