కేన్స్ ఫిల్మ్ ఫెస్టివల్‌కి ఆఫీసు పని మీద మొదటిసారి వెళ్తున్నాను. ఎలా ఉంటుంది, ఏం సిద్ధం చేసుకోవాలి?

మీ సంస్థ తీసిన చిన్న సినిమాకి విదేశీ హక్కులు అమ్మడానికి వచ్చే మే నెలలో మిమ్మల్ని ఒక్కరినే కేన్స్ పంపుతున్నారని, అక్కడి ఆర్భాటం తలచుకుంటేనే టెన్షన్‌గా ఉందని రాశారు. నేను హైదరాబాద్‌లో ఓవర్సీస్ హక్కుల పని చూసే ఒక చిన్న కంపెనీలో చేస్తున్నాను. 2022లో, 2024లో వెళ్లొచ్చాను. మొదటిసారి నాకూ ఇలాగే గుండె దడగా ఉండేది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను.

మనం టీవీలో చూసే ఎర్ర తివాచీ, ఆ 24 మెట్లు 'పాలే దే ఫెస్టివాల్' అనే భవనానికి ముందువైపు ఉంటాయి. మీ పని జరిగేదీ ఆ భవనంలోనే. కాకపోతే కింద. దాని పేరు 'మార్షే ద్యు ఫిల్మ్', అంటే సినిమా సంత. 1959 నుంచి నడుస్తోంది. నేలమాళిగలో కిటికీల్లేని హాలు, వరసగా స్టాళ్లు, ఒక్కో స్టాల్లో ఒక బల్ల, మూడు నాలుగు కుర్చీలు, గోడకి పోస్టర్లు. అరగంటకో మీటింగ్. పెద్ద కంపెనీలైతే సముద్రం పక్కన క్రోజెట్ రోడ్డు మీద ఫ్లాట్లూ హోటల్ సూట్లూ తీసుకుని అక్కడ కూర్చుంటాయి. ఒక మీటింగ్ కింద, తర్వాతిది రోడ్డుకి ఆ చివర. రోజంతా నడకే, మంచి చెప్పులు వేసుకోండి.

వ్యాపారం మాత్రం మీకు కొత్తేమీ కాదు. మన దగ్గర నైజాం, సీడెడ్, ఉత్తరాంధ్ర అని ఏరియాలుగా విడగొట్టి అమ్ముకున్నట్టే, అక్కడ ప్రపంచాన్ని విడగొడతారు. జర్మనీ, ఆస్ట్రియా, స్విట్జర్లాండ్ కలిపి ఒక ఏరియా. లాటిన్ అమెరికా ఒక ఏరియా. మన ఎంజీ (మినిమమ్ గ్యారంటీ, అంటే కొనేవాళ్లు ఖాయంగా ఇచ్చే కనీస మొత్తం) అక్కడా ఎంజీయే. ఈ పోలిక తట్టాకే నాకు భయం పోయింది. తెలుగు సినిమా వ్యాపారం తెలిసినవాళ్లకి అక్కడ సగం భాష వచ్చినట్టే.

2022లో నేను చేసిన పెద్ద పొరపాటు, అపాయింట్‌మెంట్లు లేకుండా వెళ్లడం. ఆ ఏడాది మార్కెట్‌లో మన దేశానికి 'గౌరవ దేశం' హోదా ఇచ్చారు. ఆ హోదా ఒక దేశానికి ఇవ్వడం అదే మొదలు. అంత సందడిలో మనల్ని వాళ్లే పలకరిస్తారనుకున్నాను. కొనేవాళ్ల డైరీలు నెల ముందే నిండిపోతాయని అక్కడికి వెళ్లాకే తెలిసింది. మొదటి మూడు రోజుల్లో కలిసింది నలుగురిని. రెండోసారి ఏప్రిల్ మొదట్లోనే కూర్చుని 'సినాండో'లో వెతికి మెయిళ్లు పెట్టాను. అది మార్కెట్ వాళ్లు నడిపే వెబ్‌సైటే. ఎవరు వస్తున్నారు, ఏ దేశం, ఏ రకం సినిమాలు కొంటారు అన్నీ అందులో ఉంటాయి. మీ బ్యాడ్జ్, అంటే ప్రవేశ కార్డు, ఖరారైతే లాగిన్ దొరుకుతుంది. బ్యాడ్జ్ ఎంత ముందు తీసుకుంటే అంత తక్కువలో వస్తుంది, మీ మేనేజర్‌తో ఈ నెలలోనే చెప్పండి.

మీటింగ్‌లో కథంతా చెప్పాలని చూడకండి. రెండు వాక్యాల్లో చెప్పడం ఇంట్లో గట్టిగా, పదిసార్లు చెప్పి చూసుకోండి. ట్రైలర్‌కి ఇంగ్లిష్ సబ్‌టైటిల్స్ ఉండాలి, ఫోన్‌లో డౌన్‌లోడ్ చేసి ఉండాలి. నిడివి తప్పకుండా అడుగుతారు. రెండు గంటల నలభై నిమిషాలు అనగానే ఒక జర్మన్ డిస్ట్రిబ్యూటర్ పెన్ను కింద పెట్టేశారు. ఆవిడ తప్పేం లేదు, వాళ్ల థియేటర్లలో షోల లెక్క వేరు. చిన్న వెర్షన్ ఆలోచన మీ దర్శకుడికి ఉంటే ముందే అడిగి తెలుసుకోండి.

ఇంకో మాట, ఇది మనసులో ఉన్నదే చెబుతున్నాను. మార్కెట్‌లో డబ్బు కట్టి థియేటర్ తీసుకుని సినిమా వేయొచ్చు. అది చట్టబద్ధమైన, మంచి పద్ధతే. కానీ అది ఫెస్టివల్‌కి ఎంపికవడం కాదు. పోటీ విభాగం, 'అన్ సర్టెన్ రిగార్డ్', డైరెక్టర్స్ ఫోర్ట్‌నైట్, క్రిటిక్స్ వీక్ అనే విభాగాలకి ఎంపిక చేసే కమిటీలు వేరు. మన దగ్గర మార్కెట్ షోని కూడా 'కేన్స్‌కి వెళ్లిన సినిమా' అని ప్రెస్ నోట్లో రాసేస్తుంటారు. మిమ్మల్ని కూడా అలా రాయమంటే ఒప్పుకోకండి. ఎదుట కూర్చున్నవాళ్లకి ఆ తేడా ఒక్క నిమిషంలో తెలిసిపోతుంది, తర్వాత మీరు చెప్పే మిగతా మాటలు కూడా నమ్మరు. నిజంగా ఎంపికైన కొద్దిమందికి అది అన్యాయం కూడా.

ఖర్చుల సంగతి తొందరగా చెప్పేస్తాను. ఆ రోజుల్లో కేన్స్‌లో గదుల అద్దెలు మనలాంటి కంపెనీలకి అందవు. నేను పక్క ఊరు ఆంటీబ్‌లో ఉన్నాను, రైల్లో పదీ పదిహేను నిమిషాలు. రాత్రి చివరి రైలు ఎప్పుడో రోజూ చూసుకోండి. నీస్ ఎయిర్‌పోర్ట్ నుంచి కేన్స్‌కి నేరుగా బస్సు ఉంటుంది. అక్కడివాళ్లు ఊరి పేరు 'కాన్' అంటారు. శాకాహారులైతే పచ్చడి పొడులు, ఓట్స్ పట్టుకెళ్లండి. వీసాకి 30,000 యూరోల మెడికల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి, వేసవి రద్దీలో స్లాట్ దొరకడం కష్టం, ఆలస్యం చేయకండి.

మరి ఆ తివాచీ మీద నడవలేమా అంటే, నడవచ్చు. బ్యాడ్జ్ ఉన్నవాళ్లు ఆన్‌లైన్‌లో టికెట్ కోసం ప్రయత్నించవచ్చు. నేను వెళ్లినప్పుడు షోకి నాలుగు రోజుల ముందు ఉదయం 7 గంటలకి తెరిచేవారు. అయిదోసారికి దొరికింది. మగవాళ్లకి టక్సెడో, లేదా ముదురు రంగు సూట్ మీద బో టై గానీ ముదురు టై గానీ కావాలి. నేను అమ్మ గద్వాల చీర కట్టుకున్నాను, ఎవరూ ఏమీ అనలేదు, సంతోషంగా దారి ఇచ్చారు. ల్యాప్‌టాప్ బ్యాగులాంటివి లోపలికి రానివ్వరు, లగేజీ కౌంటర్లో పెట్టి రావాలి. మెట్ల మీద సెల్ఫీలు 2018 నుంచి నిషేధం. ఫోటో లేకపోయినా ఏం పరవాలేదు. 2,300 సీట్ల ఆ హాల్లో దీపాలు ఆరిపోగానే అంతమంది ఒక్కసారిగా నిశ్శబ్దం అయిపోయారు. ఒక్క ఫోన్ వెలుగు లేదు. పొద్దుటి నుంచి లెక్కలూ హక్కులూ మాట్లాడిన నాకు, ఇదంతా ఎందుకోసం చేస్తున్నామో అప్పుడు గుర్తొచ్చి కళ్లు తడిశాయి.

చివరగా రిటర్న్ టికెట్ గురించి. మార్కెట్ ఫెస్టివల్ కన్నా ముందే ముగుస్తుంది. 2024లో మే 22న అయిపోయింది, ఖర్చు తగ్గుతుందని మర్నాడే టికెట్ వేసుకున్నాను. సరిగ్గా ఆ 23న పాయల్ కపాడియా సినిమా 'ఆల్ వి ఇమాజిన్ యాజ్ లైట్' ప్రీమియర్. 30 ఏళ్ల తర్వాత పోటీ విభాగంలోకి వచ్చిన భారతీయ సినిమా. నేను దుబాయ్‌లో రెండో విమానం కోసం కూర్చుని ఉండగా, ఉండిపోయిన స్నేహితురాలు హాల్లోంచి చప్పట్ల ఆడియో పంపింది. రెండు రోజులకి ఆ సినిమాకి గ్రాండ్ ప్రీ, అంటే పోటీలో రెండో పెద్ద బహుమతి, వచ్చింది. మీరు వీసా తేదీలు మాత్రం ఫెస్టివల్ ముగిసేదాకా అడగండి.