ఆ మునిని కాస్త ఊరుకోమను

అమ్మా,

నీ సిరీస్ స్క్రిప్టు అందింది. మొదటి ఎపిసోడ్‌లోనే 12 పేజీలు ఆ ముని మన విశాఖ డాల్ఫిన్స్ నోస్ కొండ కింది లోకం పుట్టుపూర్వోత్తరాలు చెబుతూ కూర్చున్నాడు. ఎవరు ఎవరి కొడుకు, ఏ రాయికి ఏ శక్తి... నాకు కునుకు పట్టింది. 31వ పేజీలో లైట్‌హౌస్ వాచ్‌మన్ దీపం ఆర్పేసి, "ఈ రాత్రి పడవలు వాటంతటవే వస్తాయి" అని మెట్లు దిగి వెళ్ళిపోతాడు. ఎందుకో నువ్వు చెప్పలేదు. ఆ రాత్రి పాతపోస్టాఫీసు దగ్గర మా మేడెక్కి, లైట్‌హౌస్ వెలుగుతోందా లేదా అని చూశాను. ఈ వయసులో!

సిరీస్‌కి పిచ్చి అభిమానులు రావాలంటే గ్రాఫిక్స్ కావాలన్నావు. ఒప్పుకోను. చూసేవాడికి కాస్త పని మిగల్చాలి, అంతే. అమెరికాలో తీసిన అంతరిక్ష టీవీ సిరీస్ 'స్టార్ ట్రెక్' వాళ్ళకి ప్రతి గ్రహం మీదా అంతరిక్ష నౌక దింపి చూపించే డబ్బు లేదు. అందుకే మనుషుల్ని ఇక్కడ మాయం చేసి అక్కడ తేల్చే యంత్రం పెట్టారు. అదెలా పనిచేస్తుందో అభిమానులే బుర్రలు బద్దలు కొట్టుకున్నారు. 1966లో మొదలైన ఆ సిరీస్‌కి రేటింగ్స్ అంతంతమాత్రం. జనం ఉత్తరాలు గుప్పిస్తే మూడో సీజన్ దక్కింది. 1969లో 79 ఎపిసోడ్లకి ఆపేశారు. అసలు పిచ్చి ఆ తర్వాత, వేసినవే మళ్ళీ మళ్ళీ వేస్తుంటే ముదిరింది. 2002లో అలాంటిదే మరో అంతరిక్ష సిరీస్ 'ఫైర్‌ఫ్లై' 14 ఎపిసోడ్లు తీస్తే ఛానెల్ వాటిలో 11 మాత్రమే వేసింది, అదీ వరస తప్పించి. అయినా జనం వదల్లేదు, 2005లో సినిమాగా వచ్చింది. అంతెందుకు, బేతాళుడు ఎన్నిసార్లు చెట్టెక్కినా ఆ చెట్టు ఎవరు నాటారని మనం అడిగామా?

నేనూ ఒకప్పుడు జలాంతర్గామిలో దెయ్యం కథ పట్టుకుని, గోదావరి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రంతా కూర్చుని హైదరాబాదు వెళ్ళాను. అక్కడి ఛానెల్ పెద్దమనిషి చదవకుండానే, "ఈ దెయ్యం ఎవరికి అత్తగారు?" అన్నాడు. సిగ్గు లేకుండా ఆరు ఎపిసోడ్లలో దెయ్యానికి కోడల్ని కూడా పెట్టి ఇచ్చాను. అయినా తీసుకోలేదు. ఇప్పటి ఓటీటీ కుర్రాళ్ళు అత్తగారి బదులు 'యూనివర్స్', అంటే కథలన్నీ ఇమిడే ఓ పెద్ద లోకం, అడుగుతున్నారట. నీ మునిని చూస్తే నీకూ ఎవరో ఆ మాట చెప్పినట్టే ఉంది.

రెమ్యూనరేషన్ ఎంత అడగాలి, ఎన్ని సీజన్లు రాసి పెట్టుకోవాలి అన్నావు. అవన్నీ తర్వాత. ముందు ముని పేజీలు చింపెయ్. వాచ్‌మన్‌ని రెండో ఎపిసోడ్‌లో ఒక్కసారి, దూరం నుంచి చూపించు.

ఈసారి కొరియర్ చెయ్యకు, వచ్చి చేతికివ్వు. మాటల్లో పడి దీపం ఎందుకు ఆర్పాడో మాత్రం నాకు చెప్పెయ్యకు.

ఆశీస్సులతో,
మీ మాస్టారు