గుల్లలకు బయలుదేరే ముందు

చి. ల. సౌ. మేనకోడలికి మామయ్య ఆశీర్వదించి వ్రాయునది.

పిల్లలనూ, ఇండియా నుంచి వచ్చిన మీ అత్తమామలనూ వెంటబెట్టుకుని సియాటిల్‌కు పడమరనున్న హుడ్ కెనాల్ అనే సముద్రపు పాయ ఒడ్డుకు తినే గుల్లలు (క్లామ్స్) తవ్వడానికి వెళ్తామని, ఏ శనివారం ఖాళీ దొరికితే ఆ శనివారమే ప్రయాణమని ఫోనులో చెప్పావు. ఆ శనివారం మాట విన్నాక ఈ ఉత్తరం వ్రాయక తప్పలేదు. ఈ పనికి ముహూర్తం పెట్టేది చంద్రుడు. సియాటిల్ వచ్చిన కొత్తలో మేము మూడు కుటుంబాలం పులిహోర కట్టుకుని, ఫెర్రీ దాటి, మధ్యాహ్నం రెండింటికి తీరం చేరేసరికి గుల్లలుండే నేలంతా నీళ్ళ కింద ఉంది. పిల్లలు రాళ్ళు విసిరారు, పెద్దలం పులిహోర తిన్నాం, వచ్చిన దారినే ఇంటికి చేరాం.

అందువల్ల ముందుగా నీవు వెళ్ళే తీరానికి సంబంధించిన ఆటుపోట్ల పట్టిక తెరిచి, నీటిమట్టం 2 అడుగులకో అంతకంటే తక్కువకో దిగే రోజును వెతుకు. సున్నాకు దిగువన మైనస్ అంకె ఉంటే మరీ మంచిది. అవి సాధారణంగా అమావాస్యకో పౌర్ణమికో దగ్గరలో పడతాయి. ఇక్కడ వేసవిలో ఈ పెద్ద ఆటు పగటిపూట, చలికాలంలో రాత్రిపూట వస్తుంది గనుక పసిపిల్లలతో వెళ్ళేవారికి వేసవి తప్ప మార్గం లేదు. అందులోనూ నా ఓటు మే, జూన్ నెలలకే, ఎందుకంటే జూలై, ఆగస్టు ఎండల్లో నీరు వెచ్చబడి విబ్రియో అనే బాక్టీరియా బెడద పెరుగుతుంది. నీరు అతి తక్కువకు దిగే సమయానికి గంటన్నర ముందే ఒడ్డున ఉండేలా, ఫెర్రీ వరుసలో పోయే సమయాన్ని కూడా కలుపుకుని బయలుదేరండి.

తేదీ కుదిరినంత మాత్రాన తవ్వవచ్చని కాదు. ఆ తీరంలో సీజన్ తెరిచి ఉన్నదో లేదో వాషింగ్టన్ రాష్ట్ర ఫిష్ అండ్ వైల్డ్‌లైఫ్ శాఖ చెబుతుంది. అక్కడి గుల్లలు తినదగినవో కావో ఆరోగ్య శాఖ మ్యాపు చెబుతుంది. ఈ రెండూ వేర్వేరు సంగతులు, రెండింటినీ బయలుదేరే రోజు ఉదయమే చూడాలి. నీటిలోని సూక్ష్మమైన నాచును వడగట్టి తినే గుల్లల్లో ఒక్కొక్కప్పుడు పక్షవాతం తెప్పించే విషం చేరుతుంది. దానికి రంగూ వాసనా ఉండవు, ఎంత ఉడికించినా పోదు. మన వంటలో మసాలాకు లొంగనిది లేదనుకునే మీ అత్తయ్యకు ఈ సంగతి నమ్మించడానికి నాకు చాలా కాలం పట్టింది.

పదిహేనేళ్ళు నిండిన ప్రతివారికీ షెల్‌ఫిష్ లైసెన్సు ఉండాలి; దాని సంవత్సరం ఏప్రిల్ 1న మొదలై మార్చి 31తో ముగుస్తుంది. మీ అత్తమామలు కుర్చీ వేసుకుని చూస్తూ కూర్చుంటే లైసెన్సు అక్కరలేదు, సరదాకైనా గొర్రు పట్టుకుంటే మాత్రం కావాలి. పిల్లలకు లైసెన్సు లేకపోయినా ఎవరి బకెట్టు వారిదే, ఎవరి వాటా వారే తవ్వుకోవాలి. మనిషికి రోజుకు 40 గుల్లలు, పెంకులతో కలిపి 10 పౌన్లు మించరాదు. అంగుళంన్నర కంటే చిన్నవి తిరిగి గుంటలోకే పోవాలి. ఈ రాష్ట్రంలో తీరభూమి చాలావరకు ప్రైవేటు సొత్తు, కాబట్టి డోసీవాలిప్స్ వంటి స్టేట్ పార్కులోనే ఉండి, హద్దు గుర్తులు దాటకండి. పార్కులో కారు నిలపడానికి కావలసిన డిస్కవర్ పాస్ మరువకు.

తోటపనికి వాడే మూడు పళ్ళ చేతి గొర్రు చాలు, పారతో పని లేదు. మనకు కావలసిన మనీలా గుల్లలు గులకరాళ్ళ కింద రెండు నుంచి నాలుగు అంగుళాల లోతులోనే ఉంటాయి. గొర్రు పళ్ళు రాయికి తగిలినప్పటి చప్పుడుకూ, గుల్లకు తగిలినప్పటి బోలు చప్పుడుకూ ఉన్న తేడాను పిల్లలు మనకంటే ముందే పట్టేస్తారు. ప్రతి గుంటనూ వెంటనే పూడ్చాలి, అది చట్టం కూడా. పోగుపడిన ఇసుక కింద చిన్న గుల్లలు ఊపిరాడక చస్తాయి.

ఇంటికి తెచ్చేటప్పుడు ఐసు మీద తడిగుడ్డ, దాని మీద గుల్లలు పరచండి. రెండు డబ్బాలలో శుభ్రమైన సముద్రపు నీళ్ళు కూడా తెచ్చుకో. ఒకసారి నేను ఇసుక వదులుతుందని కుళాయి నీళ్ళలో నానబెట్టి, తెల్లవారేసరికి బకెట్టెడు గుల్లలను చంపుకున్నాను. సముద్రపు నీటిలో కొన్ని గంటలు ఉంచితే వాటంతట అవే ఇసుక ఉమ్మేస్తాయి. తరువాత ఒక్కొక్కదాన్ని బొటనవేలితో పక్కకు నొక్కి చూడు. బతికున్నది కదలదు, చచ్చి లోపల బురద నిండినదైతే పెంకులు జారి విడిపోతాయి. అలాంటిది ఒక్కటి పడితే గిన్నెడు ఇగురూ సింకు పాలే. అల్లం, వెల్లుల్లి, మిరియాలతో మూతపెట్టి మగ్గించు. నోరు తెరవగానే దించక ఇంకొంచెం ఉడకనివ్వు. ఉప్పు మాత్రం రుచి చూశాకే వెయ్యి, వాటిలోనే సముద్రం ఉంటుంది.

నా దగ్గర రెండు గొర్రులు, పెంకు కొలిచే గేజి అదనంగా ఉన్నాయి. తేదీ ఖాయం కాగానే అల్లుణ్ణి పంపించు.

ఇట్లు,
మీ మామయ్య