కుదురు లేని పిల్లలు: మీ ప్రశ్నలు, వైద్యుల జవాబులు

ఏడీహెచ్‌డీ, అంటే వయసుకి తగ్గట్టు శ్రద్ధ నిలవకపోవడం, అతి చురుకు, తొందరపాటు ఉండే సమస్య గురించి శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి పిల్లల మానసిక వైద్యుల బృందం ఇస్తున్న జవాబులివి.

ప్రశ్న: మా బాబుకి మొన్న మే నెలతో ఆరేళ్ళు నిండాయి. రెండో తరగతి. క్లాసులో కుదురుగా కూర్చోవడం లేదని, ఏడీహెచ్‌డీ ఉందేమో చూపించమని స్కూల్లో అంటున్నారు. ఇంట్లో టీవీ పెడితే మాత్రం రెండు గంటలు కదలడు. మరి అది జబ్బెలా అవుతుంది?
– ఒక తల్లి, నరసన్నపేట

జవాబు: ముందు వయసు సంగతి తేల్చుకుందామమ్మా. ఆరేళ్ళకే రెండో తరగతంటే పక్కన కూర్చున్న పిల్లల్లో చాలామందికి ఏడు నిండి ఉంటాయి. ఆ వయసులో ఏడాది తేడా మామూలు తేడా కాదు. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తొమ్మిది లక్షలమందికి పైగా పిల్లల రికార్డులు చూసి 2012లో ఒక అధ్యయనం ప్రచురించారు. అక్కడ బడిలో చేర్చుకునే వయసుని డిసెంబరు 31తో లెక్కకడతారు. డిసెంబరులో పుట్టి తరగతిలో అందరికంటే చిన్నవాళ్ళైన మగపిల్లలకి, జనవరిలో పుట్టినవాళ్ళతో పోలిస్తే 30 శాతం ఎక్కువగా ఈ జబ్బు పేరు రాశారు. ఆడపిల్లలకైతే 70 శాతం ఎక్కువ. పుట్టిన నెలని బట్టి జబ్బు రాదు కదా! పసితనాన్నే జబ్బనుకున్నారు. మన దగ్గర మూడేళ్ళు నిండీ నిండకుండానే ఎల్‌కేజీలో కూర్చోబెట్టేస్తున్నాం, ఆపైన వీడికి బుద్ధి నిలవడం లేదంటున్నాం. అందుకే స్కూలువాళ్ళని ఒక్క మాట అడగండి: తన ఈడు పిల్లలు ఒకటో తరగతిలో ఉంటారు కదా, వాళ్ళ పక్కన పెట్టి చూసినా తేడాగానే ఉన్నాడా?

ఇక టీవీ. ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు కూడా టీవీ ముందు గంటలకొద్దీ కూర్చుంటారు. అక్కడ బొమ్మ క్షణానికోసారి మారుతుంది, పిల్లాడు చేయాల్సిన పనేమీ లేదు. లోపం బయటపడేది కాపీ రాసేటప్పుడు, వరుసలో తన వంతు వచ్చేదాకా ఆగాల్సినప్పుడు, చెప్పులు ఎక్కడ విప్పాడో గుర్తుపెట్టుకోవాల్సినప్పుడు. కాబట్టి టీవీని బట్టి ఉందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం.

మానసిక సమస్యల్ని నిర్ధారించడానికి డాక్టర్లు వాడే డీఎస్‌ఎం-5 అనే పుస్తకం ప్రకారం శ్రద్ధ నిలవకపోవడానికి 9 లక్షణాలు, అతి చురుకు, తొందరపాటులకు కలిపి 9 లక్షణాలు ఉన్నాయి. ఈ రెండిట్లో ఏదో ఒకదానిలోనైనా కనీసం 6 ఉండాలి, అవి ఆరు నెలలకు తగ్గకుండా ఉండాలి, పన్నెండేళ్ళలోపే మొదలవ్వాలి, ఇంట్లోనూ బళ్ళోనూ కనిపించాలి, వాటివల్ల చదువుకో స్నేహాలకో నష్టం జరుగుతుండాలి. దీన్ని తేల్చే రక్తపరీక్ష గానీ స్కాన్ గానీ లేవు. కొత్త మనిషి ముందు చాలామంది పిల్లలు బుద్ధిగా కూర్చుంటారు గనక, ఓపీలో ఐదు నిమిషాలు చూసి తేల్చేసే పని కాదిది. తల్లిదండ్రులకొక ప్రశ్నపత్రం, టీచరుకొక ప్రశ్నపత్రం ఇచ్చి నింపించాలి. అది అడగకుండా మందు రాస్తే మీరే అడగండి.

ఏడీహెచ్‌డీలా కనిపించే వేరే సమస్యలూ ఉన్నాయి. చెవి చీము కారి వినికిడి తగ్గిన పిల్లాడు పిలిస్తే పలకడు. ముక్కు వెనక ఉండే ఎడినాయిడ్లు అనే కండలు పెరిగి, నోరు తెరుచుకుని గురకపెట్టి పడుకునే పిల్లాడికి రాత్రి సరైన నిద్ర ఉండదు, పగలు చిరాకుగా గెంతుతాడు. రక్తహీనత, చూపు కూడా చూపించుకోవాలి. ఫిట్స్‌కి ఫినోబార్బిటోన్ వాడుతున్న పిల్లల్లో ఆ మందే అతి చురుకు తేవచ్చు, డాక్టరుకి ఆ సంగతి తప్పకుండా చెప్పండి. ఇంకొకటి తరచూ తప్పిపోతుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ పది సెకన్లు చూపు నిలిచిపోయి, ఏమీ జరగనట్టు మళ్ళీ మొదలుపెడుతున్నాడంటే అది పరధ్యానం కాకపోవచ్చు, ఒక రకం ఫిట్స్ కావచ్చు. డాక్టరు మూడు నిమిషాలు గట్టిగా ఊపిరి పీల్చి వదలమంటారు, ఆ లోపలే అది వచ్చి పట్టుబడొచ్చు. అనుమానం ఉంటే మెదడు తరంగాల్ని చూసే ఈఈజీ పరీక్ష తీయిస్తారు.

ప్రశ్న: నాలుగో తరగతిలో ఒక పిల్లాడికి ఏడీహెచ్‌డీ అని నిర్ధారించారు. గదిలో 38 మంది ఉన్నారు. వీడొక్కడి కోసం నేనేం చేయగలను?
– ఒక ఉపాధ్యాయుడు, బొబ్బిలి

జవాబు: మాస్టారూ, ఖర్చులేని పద్ధతి ఒకటుంది, రోజువారీ కార్డు. అది పనిచేస్తుందని పరిశోధనల్లో గట్టిగా తేలింది. మొదటి మూడు రోజులు ఏమీ మార్చకండి, లెక్కపెట్టండి చాలు. పీరియడ్‌కి ఎన్నిసార్లు సీటు వదిలాడు, ఎన్నిసార్లు అడగకుండా జవాబు అరిచాడు, ఇచ్చిన పది లెక్కల్లో ఎన్ని పూర్తిచేశాడు. సీటు వదలడం 12 సార్లు వచ్చిందనుకోండి, మొదటి వారం లక్ష్యం ‘9 లోపు’. ‘అసలు లేవకూడదు’ అని రాస్తే మొదటిరోజే ఓడిపోతాడు, రెండోరోజు కార్డు చింపేస్తాడు. నాలుగు రోజుల్లో మూడు రోజులైనా గెలిచేలా లక్ష్యం పెట్టి, నిలకడగా గెలుస్తున్నాక ఒక్కో మెట్టు బిగించండి. కార్డు మీద మూడు అంశాలు మించొద్దు. ప్రతి పీరియడ్ చివర టిక్కు పెట్టండి, సాయంత్రానికి గుర్తుతెచ్చుకుని పెట్టకండి.

బహుమానం ఇంట్లో, ఆ సాయంత్రమే అందాలి. అరగంట క్రికెట్, రాత్రికి ఏ కూర వండాలో చెప్పే హక్కు, ఇలాంటివి చాలు. ‘నెలంతా బాగుంటే సైకిల్’ అన్నది ఈ పిల్లలకి పనిచేయదు. దూరాన ఉన్న ఫలితం కోసం ఆగలేకపోవడమే వాళ్ళ ఇబ్బంది మరి. కార్డు ఎక్కువగా చెడేది ఇంకోచోట. నాన్న దాన్ని చూసి ‘ఇవాళా మూడు తప్పులేనా’ అని కొడితే, మర్నాటి నుంచి కార్డు దారిలో పోతుంది. ముందే ఇంటివాళ్ళని పిలిపించి, కార్డుని బట్టి తిట్టడం, కొట్టడం ఉండదని మాట తీసుకోండి.

మిగిలినవి మీకు తెలిసినవే. ముందు బెంచీ, కిటికీకి దూరంగా. ఒకసారికి ఒకే పని చెప్పడం. మధ్యలో నోటుపుస్తకాలు పంచే పనో, బోర్డు తుడిచే పనో ఇచ్చి లేవనివ్వడం. ఆటల పీరియడ్ కోసేసి శిక్ష వేయడం మాత్రం వద్దు.

ప్రశ్న: మా గుంటడికి తొమ్మిదేళ్ళు, 24 కిలోలు. విశాఖలో చూపిస్తే మిథైల్‌ఫెనిడేట్ 10 మిల్లీగ్రాములు ఉదయం ఎనిమిదింటికి రాశారు. పొద్దుట బాగుంటున్నాడట, మధ్యాహ్నం నుంచి మళ్ళీ మామూలే. అన్నం ముట్టడం లేదు. ఇక్కడి షాపుల్లో మందు దొరకడం లేదు. మత్తుమందంటున్నారు, అలవాటైపోదా?
– ఒక తండ్రి, రాజాం

జవాబు: మందు పనిచేస్తోంది, పూట సరిపోవడం లేదు. మామూలు మాత్ర అరగంట నుంచి గంటలో అందుకుని మూడు, నాలుగు గంటలు ఉంటుంది. ఎనిమిదింటికి వేసింది పన్నెండుకల్లా దిగిపోతుంది. మధ్యాహ్నం రెండో మాత్ర ఇవ్వడమా, మెల్లగా విడుదలయ్యే రకానికి మారడమా అన్నది డాక్టరు తేలుస్తారు. సొంతంగా పెంచకండి.

ఈ మందు విషయంలో అమెరికాలో 579 మంది పిల్లల మీద 14 నెలలు చేసిన అధ్యయనం 1999లో వచ్చింది. కొందరికి పరిశోధకులే మందు ఇచ్చి, నెలనెలా చూసి, మోతాదు సర్దారు. ఇంకో గుంపుని ఊళ్ళోని వైద్యానికి వదిలేశారు. ఆ రెండో గుంపులో కూడా మూడింట రెండొంతుల మంది ఇలాంటి మందులే వాడారు, అయినా మొదటి గుంపంత బాగుపడలేదు. అక్కడ మోతాదు తక్కువ, డాక్టరుని కలవడం తక్కువ. మూడేళ్ళ తర్వాత చూస్తే గుంపుల మధ్య తేడాలు చెరిగిపోయాయి. అందుకే మొదటి నెలల్లో టీచరు మాట రాయించుకుని మరీ డాక్టరు దగ్గరికి వెళ్ళండి, తర్వాత ఏడాదికోసారి ఇంకా అవసరమా అని అడగండి.

మాత్ర ప్రభావం దిగాక ఆకలి వస్తుంది. మాత్రకి ముందే చోడి జావో, గుడ్డూ ఇడ్లీయో కడుపునిండా పెట్టండి. మధ్యాహ్నం బలవంతం చేయకండి, సాయంత్రం, రాత్రి గట్టిగా పెట్టండి. మూడు నెలలకోసారి బరువు, ఎత్తు, నాడి, బీపీ ఒక పుస్తకంలో రాయించండి. ఇంట్లో ఎవరైనా చిన్న వయసులో ఉన్నట్టుండి పోయినా, పిల్లాడు పరిగెడుతూ స్పృహ తప్పినా ఆ సంగతి ముందే చెప్పండి, ఈసీజీ చూస్తారు.

ఈ మందు షెడ్యూల్ ఎక్స్, అంటే గట్టి నియమాలతో అమ్మాల్సిన మందుల జాబితా కింద ఉంది. చీటీ రెండు ప్రతులుండాలి, ఒకటి షాపువాడు దాచుకోవాలి, షాపుకి ప్రత్యేక లైసెన్సు కావాలి. చిన్న ఊళ్ళలో దొరకనిది అందుకే. ఉన్న స్ట్రిప్ అయిపోవడానికి పది రోజుల ముందే కదలండి. చిన్నప్పుడు డాక్టరు చూపులో దీన్ని వాడిన పిల్లలు పెద్దయ్యాక మత్తుకి ఎక్కువగా అలవాటుపడుతున్నారని పరిశోధనల్లో తేలలేదు. అయితే మాత్రలు లెక్కపెట్టి పెద్దవాళ్ళ దగ్గరే ఉంచుకోండి.

అస్తమానూ దొరకకపోతే అటామాక్సిటిన్ అనే ఇంకో మందు గురించి అడగండి. అది షెడ్యూల్ ఎక్స్ కాదు. రోజుకి, కిలో బరువుకి 0.5 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి 1.2 దాకా పెంచుతారు. మీవాడి బరువుకి ఇంచుమించు 10తో మొదలై 25 దగ్గర ఆగుతుంది. ఫలితానికి నాలుగు నుంచి ఆరు వారాలు పడుతుంది, రెండో వారంలో ‘పనిచేయలేదు’ అని మానేసేవాళ్ళే ఎక్కువ. మొదట్లో పిల్లాడు బాగా దిగులుపడినా, చనిపోతానన్నా వెంటనే డాక్టరుకి చెప్పాలి.

ప్రశ్న: పంచదార, మిఠాయిలు మానిపిస్తే తగ్గుతుందా?
– పలాస

జవాబు: తగ్గదు. 1994, 1995లో వచ్చిన పరిశోధనల్లో పంచదారకీ అల్లరికీ సంబంధం కనబడలేదు. కృత్రిమ రంగుల ప్రభావం కొందరిలో కొంచెం ఉంటుందని 2007లో బ్రిటన్ అధ్యయనం చెప్పింది. రంగురంగుల మిఠాయిలు పళ్ళ కోసమైనా తగ్గించండి, వైద్యం బదులు మాత్రం కాదు.

ప్రశ్న: మా మనవరాలికి పదకొండేళ్ళు. అల్లరి లేదు, కానీ ఏదీ గుర్తుండదు, చదవడం కూడా తడబాటే. ఎక్కడ చూపించాలి? సర్టిఫికెట్ ఇస్తారా?
– ఒక అమ్మమ్మ, ఇచ్ఛాపురం

జవాబు: అల్లరి లేని ఏడీహెచ్‌డీ కూడా ఉంది. ఆడపిల్లల్లో అది ఎక్కువగా కనిపెట్టకుండా మిగిలిపోతుంది, క్లాసుకి ఇబ్బంది లేదు గనక ఎవరూ పట్టించుకోరు. పిల్లల ఆరోగ్యం పరీక్షించడానికి బడికి వచ్చే ప్రభుత్వ ఆర్‌బీఎస్‌కే బృందం చూసే సమస్యల్లో ఇదీ ఒకటి, వాళ్ళు పైకి రాసి పంపుతారు. నేరుగా శ్రీకాకుళం ప్రభుత్వ సర్వజన ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగానికి వెళ్ళొచ్చు. అక్కడినుంచి అవసరమైతే విశాఖ చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాలకి పంపుతారు. బయల్దేరేముందు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఫోన్ చేస్తే ఉచితంగా తెలుగులోనే మాట్లాడతారు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టంలోని 21 వైకల్యాల్లో ఏడీహెచ్‌డీ పేరు లేదు. అభ్యసన వైకల్యం, అంటే చదవడం, రాయడం, లెక్కల్లో ప్రత్యేకంగా వచ్చే ఇబ్బంది, ఆ జాబితాలో ఉంది. రెండూ కలిసి ఉండే పిల్లలు చాలామంది. చదవడం తడబడుతోందన్నారు గనక ఆ పరీక్ష కూడా చేయమని అడగండి, సర్టిఫికెట్ దాని మీద వస్తుంది. ఆ పరీక్ష ఎనిమిదేళ్ళు నిండాకే చేస్తారు, మీ మనవరాలికి అడ్డు లేదు. ఆధార్, గత రెండేళ్ళ మార్కుల కాగితాలు, ఆమె సొంతంగా రాసిన తెలుగు, లెక్కల నోటుపుస్తకాలు తీసుకెళ్ళండి. తప్పులున్న పుస్తకాలే తీసుకెళ్ళండి, దిద్దించి అందంగా రాయించినవి వద్దు.